ఫొటో వెనుక పేరు

(పెన్షనర్ల దినోత్సవం నాడు శిరివెళ్లలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం ఎందుకు కలుస్తామో అందరికీ తెలుసు. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాని గురించి నాకన్నా బాగా చెప్పగలవారు వేదిక మీద ఉన్నారు. కరువు భత్యం సంగతి కార్యదర్శిగారు చెప్పనే చెప్తారు. నన్ను మాత్రం "కాస్త తేలికైన విషయం ఏదైనా మాట్లాడండి" అన్నారు. అందుకని ఫొటోల గురించి మాట్లాడదామనుకొన్నాను. అది తేలికైన విషయమో కాదో మీరే చూడండి.

ఏడాదికోసారి మనం బతికే ఉన్నామని రుజువు చూపించాలి. ఒకప్పుడు ట్రెజరీ మెట్లెక్కి సంతకం పెట్టేవాళ్లం. ఇప్పుడు ఫోను ముందు ముఖం పెట్టి కళ్లు ఆర్పితే చాలు. అదే ఫోను మిగతా 364 రోజులు మన జేబులోనే ఉంటుంది. దానితో మనం చేసే పనేమిటయ్యా అంటే, తెల్లవారగానే ఎక్కడో ఎవరో తీసిన గులాబీ బొమ్మను "శుభోదయం" అని వందమందికి పంపడం. శిరివెళ్లలో పూలు లేవా?

మా ప్రహరీ గోడ మీద రాధామనోహరం తీగ ఉంది. సాయంత్రం విచ్చినప్పుడు తెల్లగా ఉంటుంది, మరునాటికి గులాబి రంగు, ఆ తర్వాత ఎరుపు. ఒకే గుత్తిని ఒకే చోట నిలబడి మూడుసార్లు తీసి, పక్కపక్కన పెట్టి చూపిస్తే మా మనవరాలు మూడు వేరువేరు చెట్లనుకొంది. పత్తి పూవుదీ అదే తీరు. మొదటిరోజు లేత పసుపు, రెండోరోజు గులాబి, ఆ తర్వాత రాలిపోతుంది. మన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నాటిది. ‘నరసింహ’ పత్తి అక్కడే పుట్టింది. పత్తితో అంత అనుబంధం ఉన్న మనలో పత్తి పూవు ఫొటో ఇంట్లో ఉన్నవారు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు సందేహమే.

ఇప్పుడు నల్లరేగడిలో శనగ పూతకు వచ్చే రోజులు. శనగ పూవు చిన్నది, ఆకు కింద దాక్కొంటుంది. దాని కోసం వంగాలంటే మన మోకాళ్లు ఒప్పుకోవు. ఒక ఉపాయం చెప్తాను. ఫోనును తలకిందులుగా పట్టుకొని చెట్టు మొదట్లోకి దించండి. అప్పుడు కెమెరా కన్ను నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది, మీ నడుము మాత్రం మీ దగ్గరే ఉంటుంది. ఇంకొకటి. పూవు వెనుక గోడో, తీగెలో, బట్టలారేసిన దండెమో ఉంటే పూవు కనపడదు. వెనుక నల్ల గొడుగు తెరిచి పెట్టాలి. మా ఆవిడను పట్టుకోమంటాను. ఎండలో నిలబడి, "ఈ గొడుగు పూవుకా, నాకా?" అని ఆమె అడుగుతుంది. దానికి నా దగ్గర ఇంకా సమాధానం లేదు.

మాఘ ఫాల్గుణాల్లో నల్లమల అంచున మోదుగ పూస్తుంది. రోడ్డు మీద నుంచే తీయండి. అడవిలోకి అనుమతి లేకుండా పోకండి. అది పులుల అడవి. పులికి మన సీనియారిటీ పట్టదు.

నెలగంట పెట్టారు కదా, ఈ నెలంతా వీధుల్లో ముగ్గులే. తెల్లవారుజామున ఆడపిల్లలు, అమ్మలు గంటసేపు వంగి వేసిన ముగ్గు, గొబ్బెమ్మ మీద గుమ్మడి పూవు, పాలబండి వచ్చేదాకే వాటి ఆయుష్షు. నిలబడి తీస్తే ముగ్గు సాగదీసినట్టు పడుతుంది. మిద్దె ఎక్కి పైనుంచి తీయాలి. అది ఎవరిల్లు, వేసిన అమ్మాయి ఎవరు అని అడిగి రాసుకోండి. ఆ పేరు రాసుకోవడం గురించే నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పదలచుకొన్నాను.

మనకు నంద్యాల ఎంతో ఆళ్లగడ్డ అంత. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్ల కింద దేవతలు వరుసగా నిలబడి ఉంటారు. రామయ్య, ఆంజనేయుడు, సాయిబాబా, అమ్మవార్లు. ఎన్ని వేలసార్లు ఆ దారిన బస్సులో పోయి ఉంటాం! కిటికీలోంచి దండం పెట్టుకొన్నామే గాని దిగి చూసినవాళ్లు తక్కువ. ఉద్యోగం చేసిన రోజుల్లో నాకూ తీరలేదు. ఇప్పుడు నెలకొకసారి పోతున్నాను.

అక్కడికి పొద్దున ఏడెనిమిది గంటలకో, సాయంత్రం నాలుగు దాటాకో పోవాలి. వెలుతురు పక్కనుంచి పడితేనే ఉలి గీతలు కనిపిస్తాయి. నడినెత్తి ఎండలో ఎంత గొప్ప శిల్పమైనా పలకలా ఉంటుంది. చెక్కుతున్నప్పుడు ఆ రాయి బూడిద రంగులో, పిండి చల్లినట్టు ఉంటుంది. నునుపు చేసి నూనె పూశాక నల్లగా నిగనిగలాడుతుంది. రెంటినీ తీయండి. ఇప్పుడు ఉలికి తోడు కోత మిషన్లు వచ్చాయి. రాతి పొడి పొగలాగా లేస్తుంది. పనివాళ్లు ముఖానికి గుడ్డ కట్టుకొని చేస్తుంటారు. ఆ పొడిలోంచి ఎండ పడ్డప్పుడు ఫొటో చాలా అందంగా వస్తుంది. కాని ఆ పొడే వాళ్ల ఊపిరితిత్తులకు చేటు. ఆ ఫొటో చూసి ఎవరైనా "ఎంత బాగుందో" అంటే ఈ రెండో మాట కూడా నేను చెప్తాను.

ఇంకా చెక్కని రాయి మీద గీతలు గీసి ఉంటాయి. అవి తాళమానం గీతలు. ఉత్తమ దశతాళం అంటే విగ్రహం నిలువును 124 భాగాలు చేస్తారు. విష్ణుమూర్తికి, శివుడికి ఆ కొలత. అమ్మవార్లకు మధ్యమ దశతాళం, 120 భాగాలు. ఆ భాగాన్ని అంగుళమంటారు గాని అది టేపు మీది అంగుళం కాదు. విగ్రహం పెద్దదైతే అంగుళం పెద్దది, చిన్నదైతే చిన్నది. ఉలి పడగానే ఆ గీతలు పోతాయి. నా దగ్గర ఒక ఫొటో ఉంది. సగం రాయి, సగం అమ్మవారు. నడుము కింద గీతలు, పైన నవ్వు.

ఇక్కడొక సంగతి గమనించండి. ఆ షెడ్డు కింద ఉన్నంతకాలమే ఆ మూర్తిని మనం ఫొటో తీయగలం. ఊరివాళ్లు వచ్చి లారీలో తీసుకుపోతారు. జలాధివాసం, ధాన్యాధివాసం, నేత్రోన్మీలనం అవుతాయి, ప్రతిష్ఠ జరుగుతుంది. ఆ తర్వాత గర్భగుడిలో కెమెరా ఎత్తనివ్వరు, ఎత్తకూడదు కూడా. చెక్కినవాడు సైతం గడప అవతల నిలబడి దండం పెట్టుకోవలసిందే. మన రాష్ట్రంలో, బయటి రాష్ట్రాల్లో, విదేశాల్లో ఎన్ని గుళ్లకు ఆళ్లగడ్డ చేతి పని వెళ్లిందో లెక్క కట్టడం కష్టం. ఆ స్వామి ముఖాన్ని వెలుతురులో, పక్కనే చెక్కిన మనిషితో కలిపి పట్టుకోగల సమయం ఆ కొన్ని వారాలే. శిల్పి ఒప్పుకొంటేనే తీయండి. కొందరు కళ్లు చెక్కేటప్పుడు వద్దంటారు. వద్దంటే వద్దు.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఏ కూడలిలోనైనా ఒక విగ్రహం ముందు నిలబడి శిలాఫలకం చదవండి. ఆవిష్కరించిన మంత్రిగారు, అధ్యక్షత వహించినవారు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథులు, దాతలు అందరూ ఉంటారు. ఎవరి పేరు ఎవరికి ముందుండాలో తేలక ఫైళ్లు పైకీ కిందికీ తిరిగిన రోజులు మనకు తెలియనివా? చెక్కినవారి పేరు మాత్రం నేను చూసినవాటిలో ఒక్కదాని మీదా కనిపించలేదు. ఎన్నికల కోడ్ వస్తే నాయకుల విగ్రహాలకు ముసుగు వేస్తారు. ముసుగు తీస్తే నాయకుడు మళ్లీ కనిపిస్తాడు. శిల్పి మీది ముసుగు ఎప్పుడూ తీయరు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్ల దగ్గర ఉరితీశారు. ఫొటో తీసే పద్ధతిని పారిస్‌లో లోకానికి వెల్లడించింది 1839లో. అది కుందూ ఒడ్డుదాకా ఇంకా రాలేదు. కనుక ఆయన ముఖాన్ని ఫొటోలో చూసినవారెవరూ లేరు. ఇప్పుడు విగ్రహాల్లో మనం చూసే మీసం, చూపు, తలపాగా అన్నీ ఎవరో ఒక శిల్పి ఊహించి ఇచ్చినవే. మన పిల్లలకు ఆయన అంటే ఆ ముఖమే. ఒక వీరుడికి ముఖమిచ్చినవాడి పేరు మనకు అక్కరలేదా?

ఒక శిల్పి నాతో మాటల్లో అన్నాడు. కొందరు చనిపోయిన తండ్రి విగ్రహం చేయమని వస్తారట. ఫోనులో పాస్‌పోర్టు ఫొటో చూపిస్తారు. "పక్క నుంచి తీసింది ఉందా సార్?" అని ఇతను అడుగుతాడు. ఎవరి దగ్గరా ఉండదు. ముక్కు ఎత్తు, గడ్డం, చెవి వెనుక భాగం ఎట్లా తెలియాలి? పెద్ద కొడుకును కూర్చోబెట్టి అతని పక్క ముఖం చూసి చెక్కిన సందర్భాలున్నాయన్నాడు. అది విన్న సాయంత్రం నేను మా ఆవిడను కిటికీ పక్కన కూర్చోబెట్టి పక్క నుంచి ఒక ఫొటో తీశాను. ఎందుకో చెప్పలేదు. ఈ సంచిక చదివితే తెలుస్తుంది.

పాత వస్తువుల సంగతికి వస్తాను. కె.సి. కాలువను 1863లో మొదలుపెట్టి 1870కి తవ్వించింది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. పడవలు నడపాలని కూడా వాళ్ల ఉద్దేశం. 1882లో ప్రభుత్వం కొనుక్కొంది. ఆధునికీకరణలో సిమెంటు పడ్డాక పాత రాతికట్టు ఎక్కడెక్కడ మిగిలిందో కాలువ గట్టున నడిచేవారు చూసి తీసి పెట్టండి. బొగద దగ్గర దొరబావి వంతెన మీద 1990లలో బ్రాడ్‌గేజీ వచ్చాక రైలు తిరగడం ఆగింది. ఇవి పెద్దవి. నాకు ఇంతకన్నా చిన్నవాటి మీద మనసు.

కిందటిసారి మనం ఈ హాల్లోనే ఒక బల్ల మీద పాత సామాను పెట్టాం. ఇత్తడి పడి, సోల, తవ్వ, లక్క ముద్ర, సైక్లోస్టైల్ మిషను, తెలుగు టైపు మిషను, సర్వే గొలుసు. కాలేజీ పిల్లలు వచ్చి గొలుసును చూసి బావిలో బకెట్టుకు కట్టేదా అని అడిగారు. నిజమే, బల్ల మీద కుప్పగా ఉంటే అది ఇనుము. అప్పుడు మన సభ్యులలో చైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన లేచారు. గొలుసును హాలు పొడవునా పరిపించారు. 66 అడుగులు, 100 లింకులు. పది లింకులకొక ఇత్తడి బిళ్ల. గొలుసు పొడవు గొలుసు వెడల్పు అయితే పది సెంట్లు, అట్లాంటివి పది అయితే ఎకరం అని పిల్లలకు చెప్పారు. మనం ఇప్పటికీ ప్లాట్లు కొనే సెంటు ఆ గొలుసులోంచి వచ్చిందే. తర్వాత నడిమధ్యన పట్టుకొని, రెండు వైపులా రెండేసి లింకులు చొప్పున చేతిలోకి తీసుకొంటూ, క్షణాల్లో గోధుమ పనలాగా కట్ట కట్టేశారు. ఆయనకు అప్పటికే ఎనభై దాటాయి. చేతులు వణికేవి. గొలుసు పట్టుకొంటే వణకలేదు. నేను ముఖం వదిలేసి ఆ చేతులను వరుసగా ఆరు ఫొటోలు తీశాను.

మొన్న శ్రావణంలో ఆయన వెళ్లిపోయారు. పరామర్శకు పోయినప్పుడు ఆ ఆరు ఫొటోలు తీసుకుపోయాను. వాళ్లింట్లో ఆయనవి ఉన్నవన్నీ బిగుసుకొని నిలబడ్డవే. పెళ్లిళ్లలో, స్టూడియోలో, పదవీ విరమణ నాడు దండతో. పని చేస్తున్న ఫొటో ఒక్కటీ లేదట. ఆయన భార్య ఆ ఆరింటిని ఒడిలో పరుచుకొని చాలాసేపు చూసి, "ఈ వేలి మీది మచ్చ గొలుసు కోసిందే, మా పెళ్లయిన ఏడు" అన్నారు. నేను ఫొటో తీసినప్పుడు ఆ మచ్చను చూడనే లేదు. ఆమె చెప్పిన మాట ఆ ఫొటో వెనుక చీటీ మీద రాశాను.

చీటీ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. నంబరు లేని ఫైలు ఫైలు కాదు, కాగితాల కట్ట. ఫొటో కూడా అంతే. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్న నాలుగూ రాయండి. ఎక్కడ అన్నదాంట్లో తేదీ ముఖ్యం. శిరివెళ్ల 2022 ఏప్రిల్ 4 దాకా కర్నూలు జిల్లా, ఆ రోజు నుంచి నంద్యాల జిల్లా. బ్రిటిషువారి కాలంలోనైతే మన ఊరి పేరు మీదే తాలూకా ఉండేది. ఫోనులో ఉంచి ఊరుకోకండి. ఫోను పోతే అన్నీ పోతాయి. నెలకు ఒక పదో పన్నెండో ఎంచి కాగితం మీద వేయించండి. అగ్ఫా క్లిక్ కెమెరా రోజుల్లో రీలుకు పన్నెండే కదా వచ్చేవి, మనకు ఆ పొదుపు అలవాటే. ప్రింటు వెనుక పెన్ను ఒత్తి రాస్తే ముందు వైపు గీత పడుతుంది. చిన్న చీటీ రాసి అంటించండి.

నేను నలభై ఫొటోలు తెచ్చాను. టిఫిన్ల పక్క బల్ల మీద పరుస్తాను. మూడింటికి చీటీ ఖాళీగా ఉంది. ఒకదాంట్లో ఆళ్లగడ్డ షెడ్డులో వీపు తిప్పి కూర్చొని చెక్కుతున్న కుర్రవాడు, ఒకదాంట్లో మన సంత వీధిలో ముగ్గు వేస్తున్న అమ్మాయి, మరొకదాంట్లో పాత తాలూకా ఉద్యోగుల గ్రూపు ఫొటోలో వెనుక వరుసలో ఎడమ నుంచి నాలుగో ఆయన. తెలిసినవారు పేర్లు రాసి పెట్టండి. పెన్సిలు అక్కడే దారంతో కట్టి ఉంచాను.