అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయిందా? ఆ డిశ్చార్జ్ కాగితం ఒకసారి తీయండి

 

మొన్న ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. "మా అమ్మకి 38 ఏళ్లు. రెండేళ్ల క్రితం గర్భసంచి తీసేశారు. అప్పటి నుంచి ఫ్యాన్ కింద కూడా చెమటలు, నిద్ర లేదు, ఊరికే చిరాకు. అడిగితే, ఆపరేషన్ అయినవాళ్లందరికీ ఇంతేలే అంటోంది. నిజమేనా?" అని.

కాదమ్మా, అందరికీ ఇంతే కాదు. ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే: గర్భసంచి మాత్రమే తీశారా, అండాశయాలు కూడా తీసేశారా?

ఈస్ట్రోజన్ హార్మోన్ తయారయ్యేది గర్భసంచిలో కాదు, దాని పక్కనుండే రెండు అండాశయాల్లో. అవి ఉంటే, నెలసరి ఆగినా హార్మోన్ వస్తూ ఉంటుంది. రెండూ తీసేస్తే మాత్రం, ఏళ్ల తరబడి మెల్లగా తగ్గాల్సిన హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. వేడి ఆవిర్లు, చెమటలు అందుకే. పైకి కనిపించని నష్టం ఇంకా పెద్దది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

ఇది మన ఇళ్ల సంగతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ముందు వరుసలో ఉన్నాయి.

మరి దీనికి దారి? తగ్గిన హార్మోన్‌ని బయటి నుంచి ఇవ్వడమే. దాన్నే హార్మోన్ రీప్లేస్‌మెంట్ థెరపీ, హెచ్‌ఆర్‌టీ అంటారు. మాత్రలు, చర్మానికి రాసే జెల్, అంటించే ప్యాచ్ రూపంలో ఉంటుంది. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్లకి, వేరే ఇబ్బంది లేకపోతే, మెనోపాజ్ సహజంగా వచ్చే వయసు దాకా, అంటే సుమారు 50 వరకు, వాడమని సలహా ఇస్తారు. గర్భసంచి ఉన్నవాళ్లకి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ కూడా తప్పనిసరి, లేకపోతే గర్భసంచి లోపలి పొరకి క్యాన్సర్ ముప్పు. గర్భసంచి తీసేసినవాళ్లకి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు.

"హార్మోన్ మాత్రలంటే క్యాన్సర్ వస్తుందట కదా?" ఈ భయం 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం నుంచి బాగా పాకింది. అందులో రెండు హార్మోన్లూ కలిపి వాడిన 10,000 మందిలో ఏడాదికి 8 రొమ్ము క్యాన్సర్ కేసులు ఎక్కువ కనిపించాయి. కానీ వాళ్ల సగటు వయసు 63! ఆ లెక్క తెచ్చి 38 ఏళ్ల అమ్మకి అంటగట్టలేం.

అలాగని మెడికల్ షాపులో అడిగి కొనేది కాదండి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టినవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు సొంతంగా అస్సలు మొదలుపెట్టకూడదు.

ఈరోజు మీరు చేయాల్సిన పని చిన్నదే. బీరువాలో ఆ పాత ఫైల్ తీయండి. డిశ్చార్జ్ కాగితంలో 'బీఎస్‌ఓ' అని గానీ, 'బైలాటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ' అని గానీ ఉంటే, రెండు అండాశయాలూ తీసేసినట్టే. ఫోన్‌లో ఫొటో తీసుకుని, అమ్మని గైనకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. "హెచ్‌ఆర్‌టీ మా అమ్మకి పనికొస్తుందా? ఎముకల స్కాన్ చేయించాలా?" అని అడగండి.

అమ్మ తనకోసం తను అడగదు. మీరే అడగాలి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.