నల్లకోటు కంటే ముందు నమ్మకం
(న్యాయశాస్త్ర విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము న్యాయవాదులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల నడుమ ఉద్యోగ జీవితం గడిపి, విశ్రాంతి పొందాక సమాజ సేవలో ఉన్నవారము. కాగితాల సంచి చంకన పెట్టుకొని వకీలు గుమ్మం ఎక్కే పేదవాని వైపు నుండి మాత్రమే ఈ వృత్తిని ఎరుగుదుము. ఆ వైపు నుండే ఇంగ్లండులోని ‘ప్యూపిలేజ్’ పద్ధతిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

ఇంగ్లండు, వేల్సులలో బారిస్టరు పట్టా చేతికి వచ్చినంత మాత్రాన వాదించే అధికారం రాదు. సాధారణంగా 12 నెలలు అనుభవజ్ఞుడైన బారిస్టరు పర్యవేక్షణలో పని నేర్వాలి. మొదటి ఆరు నెలలు చూడడం, చదవడం, ముసాయిదాలు రాయడం. సొంతంగా కేసు స్వీకరించరాదు. తరువాతి ఆరు నెలలు తాత్కాలిక అనుమతి పత్రంతో, పర్యవేక్షణలోనే, కోర్టులో నిలబడవచ్చు.

పూర్వం ఇది తప్పనిసరి కాదు. 1891లో బారిస్టరైన గాంధీజీ బొంబాయిలో తన తొలి కేసులో నోరు పెగలక కూర్చుండిపోయిన సంగతిని ఆత్మకథలో తానే రాసుకున్నారు. మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు మాత్రం రాజమండ్రిలో ప్లీడరుగా రాటుదేలిన తరువాతే లండన్ వెళ్లి బారిస్టరయ్యారు. చదువు వేరు, వకాలతు వేరు.

అయితే ఆ ఏడాదిలో నేర్పేది వాదనాపటిమ ఒక్కటే కాదు. అక్కడి బార్ స్టాండర్డ్స్ బోర్డు విధించిన నియమావళికి శిక్షణలో ఉన్నవారు సైతం బద్ధులే. ఇంకా నోరు విప్పే అధికారం లేనివానికి కూడా బాధ్యత ఉన్నదన్నదే అందులోని సారాంశం.

మొదటిది గోప్యత. గురువుగారి కక్షిదారు రహస్యం శిష్యునికి తన కక్షిదారు రహస్యంతో సమానం. మన వాడుకలో చెప్పాలంటే అది అమానత్. విడాకుల కాగితాలతో వచ్చిన ఆడబిడ్డ గోడు టీ కొట్టు దగ్గర కబురు కారాదు.

రెండవది న్యాయస్థానం పట్ల విధి. కక్షిదారు మేలు కోరవలసిందే. కానీ కోర్టును మోసగించి కాదు. తన వాదనకు వ్యతిరేకమైన తీర్పు ఉన్నదని తెలిస్తే దానిని దాచరాదు. సాక్షికి మాటలు నేర్పరాదు. తగిన ఆధారం లేనిదే ఎవరిమీదా మోసపు ఆరోపణ రాయరాదు.

మూడవది తన శక్తి ఎరిగి ఉండడం. తనకు చేతకాని కేసును చేపట్టరాదు. “పెద్దాయన రాయమన్నారు, రాశాను” అంటే చెల్లదు. ఎవరి పనికి వారే జవాబుదారీ.

నాలుగవది మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది. కక్షిదారు నమ్మకాలు, నడవడి నచ్చలేదన్న కారణంతో, లేదా కేసు స్వభావం అసహ్యమన్న కారణంతో సేవను నిరాకరించరాదు.

మన దేశంలోనూ ఈ సూత్రం ఉన్నది. కోయంబత్తూరులో ఒక కేసులో నిందితులైన పోలీసుల తరఫున తమ సభ్యులెవరూ వాదించరాదని అక్కడి న్యాయవాదుల సంఘం తీర్మానించింది. అలాంటి తీర్మానాలు చెల్లవనీ, అవి వృత్తిధర్మానికి విరుద్ధమనీ 2010లో ఎ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గమనించండి, ఆ తీర్పు నాడు రక్షించినది పోలీసుల హక్కును. ఊరంతా దోషి అని వేలెత్తి చూపిన మైనారిటీ యువకునికి వకీలు దొరకాలన్నా ఆధారం అదే సూత్రం. మనకు ఇష్టం లేనివానికి ఆ హక్కును కాదంటే, రేపు మనవానికి అడిగే నోరు మనకుండదు.

గోప్యతకు కూడా మన చట్టంలో రక్షణ ఉన్నది. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 132వ సెక్షను న్యాయవాదినే కాదు, ఆయన గుమాస్తాను కూడా కట్టి ఉంచుతుంది. గుమాస్తాగిరీ చేసినవారముగా ఆ మాట మాకు ప్రత్యేకంగా నచ్చింది.

కొరతల్లా శిక్షణలోనే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో ఒక ఏడాది శిక్షణ నిబంధన తెచ్చింది. అయితే ఆ అధికారం కౌన్సిల్‌కు లేదని 1999లో వి. సుధీర్ కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఇప్పుడు ఆలిండియా బార్ పరీక్ష ఉన్నది. పరీక్ష చట్టం తెలుసా అని అడుగుతుంది. పేదవాని ముందు ఎలా కూర్చోవాలో నేర్పదు.

కనుక చట్టం విధించని ఆ ఏడాదిని మీరే విధించుకోండి. మంచి సీనియరు వద్ద చేరండి. జైలులో ఉన్నవాని బెయిలు పిటిషను మీ చేతికి వస్తే వాయిదా తేదీని మీ ఇంటి పెళ్లి తేదీలా గుర్తుంచుకోండి. తెలియనిది తెలియదని చెప్పండి. ఫీజు ఎంతో ముందే చెప్పండి. ఇచ్చిన అసలు పత్రాలకు రసీదు రాయండి. కోర్టులో ఏమి జరిగిందో సాయంత్రానికి కక్షిదారుకు వానికి అర్థమయ్యే భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో చెప్పండి.

పెద్దలకు కూడా ఒక విన్నపం. సీనియరు వద్ద చేరిన పేదింటి పిల్లవానికి బస్సు ఖర్చులు కూడా రాకపోతే వాడు ఈ వృత్తిలో నిలువడు. ఇంగ్లండులో శిక్షణ పొందేవారికి కనీస వేతనం నియమంగా ఉన్నది. మన సంఘాలు చదువుకు ఇచ్చే ఉపకార వేతనాలను ఆ తొలి ఏడాదికి కూడా పొడిగించాలి. మంచి వకీళ్లు కావాలని కోరుకునే సమాజం వారు నిలదొక్కుకునే దాకా వెన్నుదన్నుగా నిలవాలి.