ముడత ఒకటే, రోగాలు ఐదు

(మండల రైతు సంఘం సమావేశంలో మిర్చి రైతులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక కార్యదర్శిగారు ధరల సంగతి మాట్లాడారు. మిర్చికి కేంద్రం మద్దతు ధరల జాబితాలో చోటే లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి రైతులు గొడవ చేస్తే, మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించారు. అదీ మన రాష్ట్రంలో 2 లక్షల 91 వేల టన్నుల వరకే. ఆ పోరాటం ఎలాగూ చేస్తాం. నాకు అప్పగించింది వేరే పని. కాయ కల్లానికి రాకముందే మన జేబులోంచి పోతున్న మందుల ఖర్చు గురించి మాట్లాడమన్నారు.

ఊళ్ళో జరుగుతున్నదేంటో మీకు తెలుసు. తోట ముడుచుకుంటుంది. నాలుగాకులు తుంచి జేబులో వేసుకొని మందుల షాపుకు పోతాం. ఇంటికొచ్చేసరికి మూడు డబ్బాలొస్తాయి. ఒకటి పురుగుకంట, ఒకటి తెగులుకంట, ఇంకొకటి మొక్క ఎదుగుదలకంట. అప్పు ఖాతా కదా, ధర అడగడానికి నోరు రాదు. బిల్లు అడగడానికి అసలు రాదు. మూడూ ఒకే డ్రమ్ములో కలిపి కొడతాం. తగ్గితే ఏది పనిచేసిందో తెలియదు, తగ్గకపోతే ఏది దండగో తెలియదు. ఆ డబ్బా మీద ప్రభుత్వం నూటికి 18 రూపాయలు జీఎస్టీ కూడా గుంజుతుంది. తప్పు మందు కొన్నా పన్ను మాత్రం తప్పదు.

ముడత అనేది రోగం పేరు కాదండీ. జ్వరం లాంటిది. జ్వరం మలేరియాకీ వస్తుంది, టైఫాయిడ్‌కీ వస్తుంది, ఎండదెబ్బకీ వస్తుంది. మిర్చికి ముడత కనీసం ఐదు రకాలుగా వస్తుంది: తామర పురుగు, నల్లి, వైరస్, ఎండ, నీళ్ళు. చివరి రెంటికీ ఏ షాపులోనూ మందు లేదు. వైరస్‌కు అసలే లేదు.

ముందు ఎప్పుడు చూడాలో చెప్తాను. మనం భోజనానికి వచ్చేముందు మిట్టమధ్యాహ్నం చూసి కంగారు పడతాం. ఆ ఎండకు ఆరోగ్యంగా ఉన్న మొక్క కూడా ఆకు వాలుస్తుంది, ఈనె వెంట లోపలికి చుట్టుకుంటుంది. నీరు ఆవిరైపోకుండా అది చేసుకునే ఏర్పాటు. అదే మొక్కను మర్నాడు తెల్లారి ఆరింటికి పోయి చూడండి. ఆకు విచ్చుకొని ఉంటే అది ఎండ ముడత, డబ్బులు ఖర్చు పెట్టొద్దు. తెల్లారినా ముడత విడవకపోతే అప్పుడు ఆకు తిరగేయండి.

ఆకు అంచులు పైకి లేచి పడవలాగా అయిందా? అడుగున గీరినట్టు గోధుమరంగు చారలున్నాయా? అది తామర పురుగు, మనం పై ముడత అంటాం. ఆకు అంచులు కిందికి దిగి తిరగేసిన పడవలాగా ఉండి, ఆకు సన్నబడి, కాడ ఎలుక తోకలాగా సాగిందా? అది తెల్లనల్లి, కింది ముడత. తామర పురుగును కళ్ళు బాగున్నవాళ్ళు చూడగలరు. చిగురును తెల్లకాగితం మీద దులిపితే సన్నగా పాకుతూ కనపడుతుంది. నల్లి మామూలు కంటికి ఆనదు. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం కావాలి. ఊరికి రెండు కొని సంఘం దగ్గర పెట్టుకుంటే చాలు, మనిషికొకటి అక్కర్లేదు.

ఈ రెంటికీ తేడా ఎందుకంటే, నల్లి పురుగు జాతి కాదు. దానికి ఎనిమిది కాళ్ళు, సాలీడు జాతి. పురుగు మందులు చాలావరకు దాని మీద పనిచేయవు. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి అడుగు ఆకు తడిసేలా కొడితే సరిపోయే చోట, సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు పట్టుకొచ్చి కొడితే ఏమవుతుంది? నల్లి చావదు. నల్లినీ తామర పురుగునీ తినే అక్షింతల పురుగు, అల్లికరెక్కల పురుగు, సాలీళ్ళు చస్తాయి. వారానికి ముడత రెట్టింపవుతుంది. మళ్ళీ షాపు. గంధకమైనా మండుటెండలో కొట్టకండి, ఆకు మాడుతుంది. మాడిన ఆకు చూసి మళ్ళీ ఇంకో తెగులనుకుంటారు.

మూడోది వైరస్. ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపెక్కి, గుత్తులు గుత్తులుగా ముడుచుకొని, మొక్క గిడసబారి పూత రాకుండా పోతుంది. దీన్ని తెల్లదోమ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోస్తుంది. సోకిన మొక్కను బాగుచేసే మందు లోకంలో లేదు. ‘వైరస్ స్పెషల్’ అని ఎవరైనా డబ్బా చేతిలో పెడితే అది మోసమని అక్కడే చెప్పండి. తొలిరోజుల్లో అక్కడక్కడా కనపడ్డ మొక్కలను పీకి దూరంగా తగలబెట్టాలి. పసుపు జిగురు అట్టలు పెట్టి తెల్లదోమను కనిపెట్టాలి. చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో ముందే వేసుకున్నవాళ్ళకు దోమ కొంత తగ్గుతుంది. తోట సగం పోయాక పీకడం వల్ల ఉపయోగం లేదు.

ఇక 2021 సంగతి. ఆ ఏడు పూత మీద నల్ల తామర పురుగు దిగింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు. మన దేశంలో ముందు 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద కనిపెట్టారు, మిర్చి మీద విరుచుకుపడింది మాత్రం 2021లోనే. ఆంధ్రా, తెలంగాణ, కర్ణాటక మూడు చోట్లా తోటలు దున్నేసుకున్నారు. ఎందుకంత దెబ్బ తిన్నామంటే, అలవాటు కొద్దీ ఆకులు చూశాం. ఆ పురుగు పూలలో ఉంటుంది. ఆకు పెద్దగా ముడవక ముందే పూత, పిందె రాలిపోయాయి. మా పక్క చేను కౌలు రైతు రోజు మార్చి రోజు కొట్టాడు. షాపులో ఎవరేది చెబితే అది. ఆకులు తడిశాయి, పూలలో పురుగు అలాగే ఉంది. అతను ఆ చేను వదిలేసి ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. కౌలు డబ్బు మాత్రం పూర్తిగా కట్టి పోయాడు.

అందుకని పూత మొదలైన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు, చేనులో ఐదు చోట్ల, చోటుకు పది పూలు కోసి తెల్లకాగితం మీద దులపండి. నల్లవి ఎన్ని పడ్డాయో గోడ క్యాలెండర్ మీద రాయండి. అంకె పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే మీకు కావాల్సింది. నీలం జిగురు అట్టలు తామర పురుగుకు, పసుపువి తెల్లదోమకు, తారుమారు చేయకండి. ఈ పురుగు కోశస్థ దశ నేలలో, రాలిన ఆకుల కింద గడుపుతుంది. మల్చింగ్ షీటు వేసిన తోటల్లో ఆ దారి కొంత మూసుకుంటుంది. వేపనూనె ముందునుంచీ వాడితే పనికొస్తుంది, పురుగు చేను నిండాక కాదు. యూరియా ఎక్కువేస్తే చిగురు లేతబడి పురుగును పిలిచి విందు పెట్టినట్టే.

నీళ్ళ విషయం. మనవాళ్ళకు ఆకు వాలితే నీళ్ళు పెట్టాలనిపిస్తుంది. నల్లరేగడిలో ఇది ప్రమాదం. వేరుకు గాలి అందక ఊపిరాడకపోయినా ఆకు వాలుతుంది. నీళ్ళు లేక వాలిన మొక్కా, నీళ్ళు ఎక్కువై వాలిన మొక్కా పైకి ఒకేలా ఉంటాయి. పార పట్టుకొని జానెడు లోతు మట్టి తీసి పిసకండి. ఉండ కట్టకుండా పొడిగా రాలితే తడి ఇవ్వండి, సాయంత్రం పూట, పలచగా. ముద్దగా చేతికంటుకుంటే నీళ్ళు పెట్టకండి, బోదెల మధ్య నీరు బయటికి తీయండి. కింది ఆకులు ముందు పసుపెక్కి రాలుతుంటే కూడా నీటి మీదే అనుమానం పెట్టుకోండి. నీరు తీసేశాక కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడపండి. ఎండిన మొక్కను మొదట్లో నిలువునా చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చారలుంటే అది ఎండు తెగులు. దానికి పైన ఆకుల మీద ఎంత కొట్టినా ఫలితం లేదు.

ఇంకో గుర్తు. గట్టు మీద నిలబడి చేను మొత్తం చూడండి. కాలవ చివర, మెరక మీద మొదలైతే నీళ్ళు చాలక. పల్లంలో మొదలైతే నీళ్ళు నిలిచి. గట్ల వెంబడి మొదలై లోపలికి పాకితే ఎక్కువగా పురుగు. పక్క పొలంలో కలుపు మందు కొట్టిన వైపు ఒక పట్టీలాగా ఆకులు మెలిపడితే అది గాలికొచ్చిన కలుపు మందు. అప్పుడు మాట్లాడాల్సింది పక్కవాడితో.

మాఘం దాటాక ఎండ ముదిరి 35 డిగ్రీలు మించితే పూత దానంతట అదే రాలుతుంది. ఎండ తగిలిన వైపు కాయ మీద తెల్లమచ్చ పడుతుంది. పూత నిలబెట్టే మందంటూ అప్పుడొచ్చే డబ్బాలు మన కంగారు చూసి అమ్మేవి.

ఇదంతా విని ‘అయితే తప్పంతా రైతుదేనా’ అని వెనక కూర్చున్న తమ్ముడు అడగబోతున్నట్టున్నాడు. కానే కాదు. ఆకు చూసి చెప్పాల్సిన ఉద్యోగులు ప్రభుత్వానికి ఉన్నారు. వాళ్ళను యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పనికి, లెక్కల పనికి కట్టేస్తే చేనులోకి వచ్చేదెవరు? ఖాళీ అయిన చోట షాపు డాక్టరైంది. కాబట్టి మన తీర్మానంలో మూడు ఉండాలి. పూత నెలల్లో వ్యవసాయ సహాయకులు వారంలో ఇన్ని రోజులు చేలల్లోనే ఉండేట్టు జిల్లా అధికారులు రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ప్రతి డబ్బాకూ బ్యాచ్ నంబరుతో బిల్లు ఇచ్చేలా తనిఖీలు జరగాలి, అప్పు ఖాతా అయినా సరే. బిల్లు లేకపోతే కల్తీ మందు మీద ఫిర్యాదు నిలబడదు. రిజిస్ట్రేషన్ నంబరు, లోపలున్న మందు పేరు లేని ‘బయో’ సీసాలు షాపుల్లోంచి తీయించాలి. ఇక కౌలు రైతుల మాట. 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం లేకుండా సాగుదారు కార్డు రాదు, కార్డు లేకుండా బ్యాంకు అప్పు రాదు, అప్పు రాకపోతే మందుల షాపు ఖాతానే గతి. ఆ సంతకం షరతు ఎత్తేయమన్నది మన పాత డిమాండే, మళ్ళీ పెడుతున్నాం.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి చెరువు కింద తోటల్లో కలుద్దాం. ఎండెక్కితే చూసేదేమీ ఉండదు కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఒక తెల్లకాగితం, చిన్న పార, ఇంట్లో ఉన్న ఖాళీ మందు డబ్బాలు పైపైన కడగకుండా అలాగే సంచిలో వేసి తెండి. వాటి మీద ఏముందో అక్కడే కూర్చుని చదువుదాం. పిల్లల చేతికి మాత్రం ఇచ్చి పంపకండి.