పిల్లలకు శాస్త్రమార్గము

 

నేడు మన పిల్లలు బడిలో ప్రకృతిశాస్త్రమను పేర పెక్కు సంగతులు వల్లించుచున్నారు. నీరు ఇట్టిది, గాలి ఇట్టిది అని తడువుకొనక చెప్పుదురు. అయితే ఆ సంగతులు మొదట ఎవరికి ఎట్లు తెలిసినవని అడిగినచో మిన్నకుందురు. పండ్లు పెట్టి తోట పెంపకము నేర్పకుండుట ఎట్టిదో, ఇదియు అట్టిదే. కావున శాస్త్రము నడచు మార్గమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ మార్గము మనకు కేవలము క్రొత్తది కాదు. గురువులకడ తర్కము చదువువారికి మొదట వచ్చు ఉదాహరణము కొండమీది పొగ. పొగను చూచి నిప్పు కలదని ఊహింతుము. వంటయింట పొగయు నిప్పును కూడియున్నవి. చెరువున నిప్పు లేదు, పొగయు లేదు. ఈ రెండు విధముల సరిచూచుటనే అన్వయ వ్యతిరేకములందురు. అయితే నిప్పున్నచోటనెల్ల పొగ యుండునా? ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండున నిప్పు కలదు, పొగ లేదు. ఇట్లు తప్పిన తావు ఒక్కటి కనబడినను ఆ నియమము చెల్లదు. తన మాటకు అడ్డువచ్చు దృష్టాంతమును తానే వెదకుకొనుట తర్కమునకు ప్రాణము. నవీన శాస్త్రమునకును అదియే ప్రాణము. అట్టి దృష్టాంతము తానై ఎదురగువరకు వేచియుండక, శాస్త్రజ్ఞులు తమ చేతులతో పరీక్ష కల్పించి చూతురు. భేదమంతయు ఇంతే.

దీనికి సికిందరాబాదున జరిగిన ఒక వృత్తాంతము చెప్పెదను. చలిజ్వరము చెడుగాలివలన పుట్టునని యూరపువారు చిరకాలము నమ్మిరి. మలేరియా అను ఇటలీదేశపు మాటకు చెడుగాలి అనియే అర్థము. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తమున ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. అది ఒకరినుండి మరియొకరికి ఎట్లు చేరును? దోమలు చచ్చిన నీటిని త్రాగుటచే చేరునేమో యని మాన్సన్ అను స్కాట్లండు వైద్యుడు ఊహించెను.

రోనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు 1895లో సికిందరాబాదున ఆ ఊహను పరీక్షించెను. అట్టి పరీక్ష మనుష్యులపై చేయుట నేటి ధర్మమునకు సమ్మతము కాదు. ఆ నీరు త్రాగిన మొదటివానికి జ్వరము వచ్చెను! రాస్ అంతటితో నిలిచియున్నచో లోకము తప్పుదారి పట్టెడిది. అతడు మరల మరల పరీక్షించెను. త్రాగినవారిలో పెక్కుమందికి జ్వరము రాలేదు. ఊహ వీగిపోయెను. తరువాత రోగులను కుట్టిన దోమలను కోసి, సూక్ష్మదర్శినితో చూడసాగెను. సామాన్యమైన దోమలు ఎన్నింటిని కోసినను ఏమియు కనబడలేదు. తుదకు మచ్చల రెక్కలుగల వేరొక జాతి దోమలు దొరకెను. హుసేన్ ఖాన్ అను రోగి దోమకొక అణా చొప్పున పుచ్చుకొని వానిచే కుట్టించుకొనెను. 1897 ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ కడుపు గోడలో, రోగి రక్తమునందలి నల్లని రేణువులవంటివే గల కణములు కనబడెను. మరునాడు కోసిన దోమలో అవి మరింత పెద్దవై యుండెను. 1898లో కలకత్తాలో పక్షులపై పరీక్షించి, దోమకాటుచే ఆ జీవి ఒక పక్షినుండి వేరొక పక్షికి చేరునని చూపెను. అదే సంవత్సరమున ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యుల విషయమునను స్థిరపరచిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ఈ కథ విని మా తరగతిలో ఒక బాలుడు, "అయ్యా, గుంటనీటి పురుగులే దోమలగునని మీరు చెప్పితిరి. ఆ పురుగులు నీటిలో తమంతట పుట్టునని మా తాత చెప్పును. ఏది నిజము?" అని అడిగెను. రెండు కుండలలో ఒక్కచోటి నీరే పోయించి, ఒకదానికి పలుచని గుడ్డ కట్టించి, రెండవదానిని తెరచి, ఒకే నీడన పెట్టించితిని. భేదము గుడ్డ ఒక్కటియే. కొన్నిదినములకు తెరచిన కుండలో పురుగులు కనబడెను. కాని ఒక బాలుని మూతకుండలోను కనబడెను! అతడు భయపడి, వానిని పారబోసి, ఏమియు లేవని వ్రాయబోయెను. నేను వారించి, కారణము వెదకుడంటిని. అతడు నీరు తెచ్చినది పశువుల తొట్టినుండి. అందు దోమగ్రుడ్లు ముందే యుండవచ్చునని పిల్లలే ఊహించిరి. నీటిని కాచి చల్లార్చి మరల పెట్టగా, మూతకుండ నిర్మలముగ నుండెను. పురుగులు ఎగురకమునుపే ఆ నీటిని ఎండిననేలపై పారబోయించితిని.

పెద్దలారా, ఆ బాలుడు దాచబోయిన సంగతియే తరగతికంతకు ఎక్కువ నేర్పెను. అతడేల దాచబోయెను? మనము సరియైన జవాబును మెచ్చి, ఎదురుమాటను దండించుచుండుటచేతనే. చూచినది చూచినట్లు వ్రాసిన పిల్లవానిని, ఫలము మనకు నచ్చకున్నను, మెచ్చుకొనుడు. మీ మనుమడో మనుమరాలో "ఎట్లు తెలియును?" అని అడిగినప్పుడు, పెద్దలను ధిక్కరించెనని కసరక, "చూతము రమ్ము" అని రెండు కుండలును ఒక పుస్తకమును ఇండు.

నేటికిని లోకమున ఏటేట లక్షలకొలది జనులు, అందు పసిపిల్లలే ఎక్కువగా, ఈ జ్వరముచే మరణించుచున్నారు. గుంట పూడ్పుడని చెప్పినంత మాత్రమున పూడ్చువారు కొందరే. ఆ కుండలోని పురుగు దోమయగుటను కన్నులార చూచిన పిల్లవాడు, తానే పార పట్టుకొని బయలుదేరును.