మాస్టారితో వెళ్లిపోయిన నోట్‌బుక్

(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరో తరగతిలో నాకు భాగాహారం రాదు. ఇంజనీరునని శాలువా కప్పారు కాబట్టి ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. 612ని 6తో భాగిస్తే 12 అని రాసేవాణ్ణి. మా లెక్కల మాస్టారి దగ్గర పొడుగాటి నోట్‌బుక్ ఒకటుండేది. ఎవరు ఎక్కడ తప్పుతున్నారో పేరుపేరునా రాసుకునేవారు. నా పేరు పక్కన ‘సున్నా దగ్గర తడబాటు’ అని ఉండేది. నెల రోజులు, సాయంత్రం బెల్లు కొట్టాక కూర్చోబెట్టి అలాంటి లెక్కలే చేయించారు. మళ్లీ పరీక్ష పెట్టి ఆ మాట కొట్టేశారు.

మరుసటి ఏడాది ఆయనకు బదిలీ అయింది. నోట్‌బుక్ ఆయనతోనే వెళ్లింది. మా తమ్ముడిదీ అదే తప్పు. ఎవరూ కనిపెట్టలేదు. పదిలో లెక్కలు తప్పాడు, చదువు అక్కడితో ఆగింది.

నేను పనిచేసే పవర్ ప్లాంటులో షిఫ్టు దిగే ఇంజనీరు లాగ్ బుక్ రాయకుండా గేటు దాటడు. ఏ పంపు అదురుతోంది, ఏ బేరింగు వేడెక్కుతోంది, ఏం చేశాం, ఏం మిగిలింది, అన్నీ అందులో ఉంటాయి. ఎక్కేవాడు అది చదివి సంతకం పెట్టాకే పని మొదలుపెడతాడు.

2009 విద్యాహక్కు చట్టం 22వ సెక్షను ప్రకారం బడి యాజమాన్య కమిటీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. మన బడిది అడిగి చూశాను. గదులు, ప్రహరీ, మరుగుదొడ్లు ఉన్నాయి. అవీ కావాలి, కాదనను. భాగాహారం రాని పిల్లలెందరో మాత్రం లేదు. పదో తరగతి శాతం చూసి మురిసిపోతాం గానీ, ఆ అంకె చేతికొచ్చేసరికి ఐదేళ్లు ఆలస్యం. తెలుసుకోవడం కష్టమూ కాదు. 2005 నుంచి ‘అసర్’ సర్వేవాళ్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి రెండో తరగతి స్థాయి పాఠం చదివిస్తున్నారు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటున్నారు.

స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కడదామన్నారు. కట్టండి, దాతల్లో నా పేరూ ఉంటుంది. కొంత సొమ్ము మాత్రం దీనికి తీయమని అడుగుతున్నాను. మనలో రిటైరైన టీచర్లున్నారు. జూన్‌లో ఆరులో చేరే ప్రతి పిల్లవాణ్ణీ, పిల్లనీ ఇలా కూర్చోబెట్టి చూద్దాం. ఎక్కడ ఆగారో రాద్దాం, సాయంత్రాలు నేర్పిద్దాం, నవంబరులో, మార్చిలో మళ్లీ చూద్దాం. మార్కులు వేయొద్దు, గోడకు అంటించొద్దు. పుస్తకం బడి బీరువాలోనే ఉండాలి. కొత్తగా వచ్చిన టీచరు చదివి సంతకం పెట్టాలి.

మొదటి పుస్తకం నేనే తెచ్చాను. అట్ట గట్టిది, రెండు వందల పేజీలు. హెడ్‌మాస్టరు గారూ, ఒకసారి ఇలా వస్తే మీ చేతికిస్తాను.