ఇరుసు మర

బండికి చక్రం ఎంత ముఖ్యమో, చక్రానికి ఇరుసు అంత ముఖ్యం. ఇరుసు కొసన చక్రాన్ని పట్టి ఉంచేది ఒక నట్టు. ఆ నట్టును పట్టి ఉంచేది ఇరుసుపై కోసిన మర. మన మెకానిక్కులు దీనినే చూడీ అంటారు. వేలెడు పొడవైనా ఉండని ఈ మరపై బండిలో కూర్చున్నవారి ప్రాణాలు ఆధారపడి ఉన్నవి. అందుచేత మర చెడినప్పుడు నట్టు మళ్ళీ ఎక్కుతుందా అని చూస్తే చాలదు. ఎక్కిన నట్టు నిలుస్తుందా అని విచారించవలె.

సికిందరాబాదులోని లాలాగూడకు ఈ విచారణ కొత్తది కాదు. నిజాం గ్యారంటీడు స్టేటు రైల్వే కాలంలో, 1893లో ఇక్కడ వెలసిన కర్మాగారం 1966 నుండి దక్షిణ మధ్య రైల్వేలో భాగంగా ఉన్నది. రైలుపెట్టెల మరమ్మతు దీని పని. పెట్టె పైకి ఎంత నిగనిగలాడినా, ఇరుసును పరీక్షించనిదే పట్టాల మీదికి పంపరు. కంటికి కానరాని పగుళ్ళను అతిధ్వని తరంగాలతో వెదకడం రైల్వేలలో పరిపాటి. ఆ జాగ్రత్తలో కొంతైనా మూడుచక్రాల బండి యజమాని అలవరచుకోవడం మంచిది.

రాళ్ళదారిన, పొలాల వెంట తిరిగే బండికి ఈ బెడద మరీ ఎక్కువ. 1970లో జపానుకు చెందిన హోండా సంస్థ బాటలేని నేలపై నడిచేందుకు యు.ఎస్. 90 అనే మూడుచక్రాల బండిని విపణిలోకి తెచ్చింది. అందులో వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగిసి, కలిసి తిరుగుతాయి. మలుపులో ఏదో ఒక చక్రం జారక తప్పదు. ఆ ఒరిపిడి అంతా బిగింపుల మీద పడుతుంది. నట్టు రవంత వదులైనా చక్రం ఊగిసలాడి మరను నమిలివేస్తుంది. ఇక బిగిసిపోయిన ఇరుసును ఊడదీయడానికి సుత్తితో మోదినప్పుడు చెడే మరలకు లెక్కలేదు. మోదక తప్పనప్పుడు నట్టును కొసదాకా తిప్పి, మధ్య కొయ్యముక్క నుంచి కొట్టడం తెలిసినవారి పద్ధతి.

చెడిన మరను బాగుచేసే ముందు దానిని చదవవలె. కిరసనాయిలుతో కడిగి, ఇనుప బ్రష్షుతో తోమి, వెలుతురులో చూడండి. బిగించిన నట్టులో, చక్రానికి ఆనుకొన్న మొదటి చుట్టే దాదాపు మూడోవంతు బరువును మోస్తుంది. నట్టు దాటి బయటికి వచ్చిన చుట్లు ఏ బరువునూ మోయవు. కాబట్టి ఇరుసు కొసన రెండు చుట్లు నలిగినా భయం లేదు. లోపలి చుట్లు అరిగితేనే ప్రమాదం.

తరువాత మర జాతిని గుర్తించవలె. 1841లో ఇంగ్లండులో విట్‌వర్త్ ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో సెల్లర్స్ చెప్పినది 60 డిగ్రీలు. నేటి మెట్రిక్ మరకూ 60 డిగ్రీలే. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. అంతకు ముందటి బండ్లలో విట్‌వర్త్ కుటుంబపు మరలు కనిపిస్తాయి. ఒక జాతి మరపై మరొక జాతి నట్టు రెండు చుట్లు తేలికగా ఎక్కి, ఆపై బిగుసుకొంటుంది. అక్కడ పానాతో బలం చూపితే ఉన్న మర కాస్తా పోతుంది. కొన్ని బండ్లలో ఒక పక్క ఎడమ మర ఉంటుందని కూడా మరువరాదు.

స్వల్పంగా నలిగిన మరను సన్నని ముక్కోణపు ఆకురాయితో సరిచేయవచ్చు. లోపలి చుట్లు బాగుంటే, రెండు చెక్కలుగా విడిపోయే డైని అక్కడ బిగించి, నూనె వేస్తూ బయటికి తిప్పుకొని రావలె. మంచి గాడి డైకి దారి చూపుతుంది. చెడిన కొసనుండి మొదలుపెడితే డై వంకరగా ఎక్కి కొత్త గాడి కోస్తుంది.

మర బాగా అరిగితే లేతుపై ఇరుసును సన్నగా తరిగి చిన్న మర కోయడం ఒక మార్గం. ఇందులో లెక్క తెలియవలె. 20 మిల్లీమీటర్ల కడ్డీని 18కి తగ్గిస్తే వ్యాసంలో పోయేది పదోవంతే. వంపును తట్టుకొనే బలంలో పోయేది నాలుగోవంతుకు పైమాటే. తరిగిన చోట పదునైన మూల విడిచిపెట్టక, గుండ్రని ఒంపు ఇవ్వవలె. పగులు పుట్టేది ఆ మూలలోనే.

వెల్డింగుతో లోహం నింపి మళ్ళీ మర కోయడం మరొక మార్గం. చౌకైనది, కనుకనే ఎక్కువమంది దీనికి మొగ్గుతారు. కాని ఇరుసు ఉక్కులో కార్బను పాలు ఎక్కువ. వెల్డింగు పక్కనున్న ఉక్కు ఎర్రగా కాగి, గబుక్కున చల్లారి, గాజువలె పెళుసు బారుతుంది. ముందుగా వేడిచేసి, తగిన ఎలక్ట్రోడు వాడి, మెల్లగా చల్లార్చితే ఆ దోషం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు.

1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో, వెర్సాయి నుండి పారిస్ వెళ్ళే రైలు ఇంజను ఇరుసు విరిగి యాభైమందికి పైగా మరణించారు. ఆ తరువాత జర్మనీలో ఓలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసులపై ఏళ్ళ తరబడి పరీక్షలు జరిపి, ఒక్కసారి మోయగల బరువును లోహం లక్షలసార్లు మోయలేదని నిరూపించినాడు. ఇరుసు చెప్పి విరగదు. చిన్న గాటులో మొదలైన పగులు లోలోన పెరిగి ఒకనాడు హఠాత్తుగా విడిపోతుంది.

కావున కొస నలిగితే బాగుచేసుకోండి. లోపలి మర పోయినా, గాడి అడుగున పగులు కనిపించినా ఇరుసునే మార్చండి. బాగుచేసిన మరకు కొత్త నట్టు, కొత్త కాటర్ పిన్ను వేయండి; కొద్ది దూరం నడిపి బిగింపు మళ్ళీ చూడండి. కొత్త ఇరుసు ఖరీదు ఎక్కువే కావచ్చు. దారిలో ఊడిపోయిన చక్రం వసూలు చేసే ఖరీదుతో పోలిస్తే అది స్వల్పం.