తుపాకీ మోతకు ముందు

పరుగు పందెంలో 'సెట్' అనగానే ఆటగాళ్లు నడుం పైకెత్తి, వేళ్ల మీద బరువు మోపి బిగుసుకుపోతారు. తుపాకీ మోత కోసం ఆ కాస్త నిరీక్షణలోనే మెదడు కండరాలను సిద్ధం చేస్తుంది. మోత ఎప్పుడో అంచనా దొరికితే కాలు చప్పున కదులుతుంది, అనుకోని వేళ వస్తే తడబడుతుంది. అందుకే తుపాకీ పేల్చే స్టార్టర్ ప్రతిసారీ ఒకే వ్యవధి పాటించడు. పాటిస్తే మోత వినకుండానే లెక్కపెట్టుకుని దూకేస్తారు.

మోగాక 0.100 సెకను లోపే కదిలితే ఫాల్స్ స్టార్టే. విని కదలడానికి ఆ సమయం చాలదని నిబంధన ఉద్దేశం. 2022లో అమెరికాలోని యూజీన్‌లో, ప్రపంచ పోటీల హర్డిల్స్ ఫైనల్లో, డెవాన్ ఆలెన్ 0.099కే కదిలాడని బయటికి పంపేశారు. అదీ తాను చదువుకున్న విశ్వవిద్యాలయ మైదానంలోనే! వెయ్యో వంతు తేడాకు అంత శిక్ష నాకు న్యాయమనిపించదు. అందరి మెదళ్లూ ఒకే వేగంతో పనిచేయవు కదా.